బడిలో చోటు మీ బిడ్డ హక్కు

"ఈ బాబును మా బడిలో చేర్చుకోలేమండి, ఎక్కడైనా ప్రత్యేక పాఠశాల చూసుకోండి" అనే మాట విని తిరిగి వచ్చిన తల్లిదండ్రులు మాకు తరచు కనిపిస్తుంటారు. చాలామంది ఇక చేసేదేమీ లేదనుకొని బిడ్డను ఇంట్లోనే ఉంచేస్తారు. నేటి చట్టం ఆ మాటను ఒప్పుకోదు. ఇక్కడి దాకా రావడానికి మన దేశానికి నూరేళ్ళకు పైగా పట్టింది. ఆ సంగతి క్లుప్తంగా తెలియజేస్తున్నాము.

దాతల దయతో మొదలు

మన దేశంలో అంధుల కోసం మొదటి పాఠశాలను 1887లో అమృత్‌సర్‌లో ఆనీ షార్ప్ అనే మిషనరీ ప్రారంభించారు. ఆ తరువాత చాలాకాలం ఇటువంటి పిల్లల చదువు ఎక్కువగా మిషన్లు, దాతల చేతుల్లోనే నడిచింది. ఆ బడులు ఎందరికో బ్రతుకు చూపించాయి. కాని దగ్గరలో అటువంటి బడి లేని బిడ్డకు ఇల్లే గతి అయ్యింది.

వీరి చదువు సాధారణ విద్యలో విడదీయరాని భాగం కావాలని 1964-66 నాటి కొఠారీ కమిషన్ చెప్పింది. 1974లో కేంద్ర ప్రభుత్వం వీరిని మామూలు బడుల్లో చదివించే పథకం తెచ్చింది. అయితే అది పథకమే. బడివారు కాదంటే తల్లిదండ్రులకు అడిగే ఆధారం లేదు.

చట్టం వచ్చింది

1995 నాటి వికలాంగుల చట్టం 1996 ఫిబ్రవరి 7 నుండి అమలులోకి వచ్చింది. 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య అందించాలని మొదటిసారి ప్రభుత్వాన్ని ఆదేశించింది. కాని అది గుర్తించిన వైకల్యాలు 7 మాత్రమే. ఆటిజం, చదవడంలో రాయడంలో వచ్చే డిస్‌లెక్సియా వంటి ఇబ్బందులు అందులో లేవు. 2009 విద్యాహక్కు చట్టాన్ని 2012లో సవరించి, వైకల్యం గల పిల్లలను ప్రత్యేకంగా చేర్చారు. తీవ్ర వైకల్యం ఉంటే ఇంటి వద్దే చదువుకునే వీలు కూడా కల్పించారు. అది కుటుంబం కోరుకుంటేనే. బిడ్డను ఇంటికి పంపేయడానికి బడివారికి అది సాకు కాదు.

1995 చట్టం స్థానంలో వచ్చిన 2016 చట్టం 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉంది. ఇందులో 21 వైకల్యాలున్నాయి. ఆటిజం, తలసేమియా, సికిల్ సెల్ జబ్బు కూడా వీటిలో చేరాయి. ప్రభుత్వ నిధులు గాని, గుర్తింపు గాని ఉన్న ఏ బడీ వైకల్యం కారణంగా వివక్ష చూపకుండా పిల్లలను చేర్చుకోవాలి. 40 శాతం లేక అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుండి 18 ఏళ్ళ వరకు, దగ్గరి బడిలో గాని ప్రత్యేక పాఠశాలలో గాని, వారు కోరిన చోట ఉచిత విద్య ఇవ్వాలి. పరీక్షల్లో అవసరాన్ని బట్టి అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు ఉండాలి.

మామూలు బడుల్లో ఇటువంటి పిల్లలు ప్రాథమిక తరగతుల్లో 10 మందికి, పై తరగతుల్లో 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2022లో కేంద్ర ప్రభుత్వం నిర్దేశించింది. దీన్నిబట్టి మీ బడిలో ఎందరున్నారో అడగవచ్చు.

మీరు చేయవలసినవి

• బిడ్డ పిలిస్తే పలకకపోయినా, వయసుకు తగినట్టు కూర్చోవడం, నడవడం, మాట్లాడడం రాకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

• మెడికల్ బోర్డు పరీక్ష చేయించి వైకల్య ధ్రువపత్రం, యు.డి.ఐ.డి. కార్డు తీసుకోండి. 40 శాతం కంటే తక్కువ వచ్చినా, వివక్ష చూపరాదన్న రక్షణ మీ బిడ్డకు ఉంటుంది.

• బడిలో దరఖాస్తు రాసి ఇవ్వండి. కాదంటే కారణం రాసి ఇమ్మని అడగండి. ఆ కాగితంతో మండల విద్యాధికారిని కలవండి. అక్కడా పని జరగకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

• మండలాల్లోని భవిత కేంద్రాల గురించి బడిలోనే విచారించండి. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుండి జాతీయ సంస్థ ఉంది.

చట్టం ఎంత మంచిదైనా, ఇంట్లో దాచి ఉంచిన బిడ్డ దగ్గరకు తనంతట తాను రాదు. మీ సంఘంలో గాని, మీ వీధిలో గాని బడికి వెళ్ళని ఇటువంటి బిడ్డ ఉంటే, ఆ తల్లిదండ్రులకు ఈ పేజీ చదివి వినిపించండి. వీలైతే దరఖాస్తు ఇచ్చే రోజున వారికి తోడుగా వెళ్ళండి.