భాగం-7 : ఫ్యాషన్ మోడలింగ్ – పని, ఆదాయం, ఒప్పందం

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు :
• మోడలింగ్‌లో పని దొరికే తీరును, స్థిరమైన ఉద్యోగానికీ దానికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• మోడల్ చేతికి వచ్చే నికర ఆదాయాన్ని లెక్కకట్టగలుగుతారు.
• ఒప్పందంలోను, భద్రత విషయంలోను చూసుకోవలసిన అంశాలను గుర్తించగలుగుతారు.

7.1 పరిచయం

విశాఖపట్నంలో జగదాంబ కూడలి నుంచి గాజువాక వైపు బస్సులో వెళ్తే, దారిలో చీరల దుకాణాల హోర్డింగులు, నగల దుకాణాల హోర్డింగులు ఎన్నో కనిపిస్తాయి. వాటి మీద నవ్వుతూ నిలబడ్డవాళ్ళు ఆ ఫోటో దిగిన రోజున పని చేశారు. ఆ పనికి వేళలు, కూలి, పని చేయించుకొనేవారు, ఇబ్బందులు అన్నీ ఉన్నాయి. హోర్డింగు మీద అవేవీ కనిపించవు. వాటిని గురించి ఈ భాగంలో తెలుసుకుందాం.

మన నగరంలో ఉద్యోగం అనగానే ఓడరేవు, ఉక్కు కర్మాగారం గుర్తుకు వస్తాయి. షిఫ్టు, నెల జీతం, ప్రావిడెంట్ ఫండ్, యూనియన్ ఉంటేనే అది ఉద్యోగమని మనం అనుకుంటాం. మోడలింగ్‌లో సాధారణంగా వీటిలో ఏదీ ఉండదు.

7.2 పని దొరికే తీరు

మోడలింగ్‌లో ముఖ్యంగా మూడు రకాల పనులున్నాయి. మొదటిది ర్యాంప్ : డిజైనర్ల దుస్తులు వేసుకొని వేదిక మీద నడవడం. రెండోది ఎడిటోరియల్ : ఫ్యాషన్ పత్రికలకు ఫోటోలు దిగడం. మూడోది కమర్షియల్ : ప్రకటనలు, దుకాణాల కేటలాగులు. పేరు తెచ్చే పని, డబ్బు తెచ్చే పని ఎప్పుడూ ఒకటి కావు. న్యూయార్క్, లండన్‌లలో స్వయంగా మోడల్‌గా పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త ఆష్లీ మియర్స్ 2011లో వెలువడిన 'ప్రైసింగ్ బ్యూటీ' అనే పుస్తకంలో ఈ విషయాన్ని వివరించారు. పత్రికల పనికి గౌరవం ఎక్కువ, డబ్బు తక్కువ. కేటలాగు పనికి గౌరవం తక్కువ, డబ్బు ఎక్కువ.

ఏ రకం పనికైనా ముందు ఆడిషన్ ఉంటుంది. చాలామంది వెళ్తారు. ఒకరో ఇద్దరో ఎంపికవుతారు. ఆ ఎంపిక కూడా ఆ ఒక్క పనికే. మరో పని కావాలంటే మళ్ళీ వరసలో నిలబడవలసిందే.

ఈ పద్ధతి రేవు నగరానికి కొత్తది కాదు. ఒకప్పుడు మన దేశపు రేవుల్లో కూలీలు పొద్దున్నే గుమిగూడేవారు. మేస్త్రీ పిలిచినవారికే ఆ పూట పని, మిగిలినవారికి పస్తు. ఈ అనిశ్చితిని తగ్గించడానికే 1948లో డాక్ కార్మికుల ఉపాధి క్రమబద్ధీకరణ చట్టం వచ్చింది. కార్మికుల నమోదు, వంతుల ప్రకారం పని, కనీస వేతనానికి హామీ దానివల్ల సాధ్యమయ్యాయి. విశాఖలో కూడా డాక్ లేబర్ బోర్డు పనిచేసింది. మోడలింగ్ వృత్తికి మన దేశంలో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. పిలుపు కోసం ఎదురుచూసే రోజుల భారమంతా మోడల్‌దే.

7.3 తిరస్కారాన్ని అర్థం చేసుకోవడం

విశాఖపట్నంలో పెరిగిన శోభిత ధూళిపాళ్ళ గురించి మీరు వినే ఉంటారు. ఆమె తండ్రి వాణిజ్య నౌకల్లో పనిచేశారు. ఆమె చదువు కోసం ముంబయి వెళ్ళి, 2013లో మిస్ ఎర్త్ పోటీలో భారతదేశం తరఫున పాల్గొన్నారు. మొదటి చిత్రం 'రమన్ రాఘవ్ 2.0' విడుదలైంది 2016లో. కిరీటానికీ సినిమాకూ మధ్య ఎన్నో ఆడిషన్లు ఉన్నాయి. ప్రకటనల ఆడిషన్లలో తాను తగినంత తెల్లగా లేనని తిరస్కరించారని ఆమె బహిరంగంగానే చెప్పారు.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, తిరస్కారం చాలాసార్లు అభ్యర్థి సామర్థ్యాన్ని బట్టి కాక, కొనేవారి ఊహను బట్టి, ఒక్కోసారి వివక్షను బట్టి జరుగుతుంది. నల్లని మేనిఛాయను తక్కువచేసి చూపే ప్రకటనలు కూడదని భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో మార్గదర్శకాలు ఇవ్వవలసి వచ్చిందంటే సమస్య ఎంత లోతైనదో తెలుస్తుంది. రెండు, గెలిచినవారి కథే మనకు వినిపిస్తుంది. అదే వరసలో నిలబడి వెనుదిరిగినవారి కథ వినిపించదు. కాబట్టి ఒక్కరి విజయాన్ని చూసి ఈ వృత్తిలో అవకాశాలను అంచనా వేయకూడదు.

7.4 ఆదాయం లెక్క

కింది అంకెలు లెక్క అర్థం కావడానికి ఊహించినవి మాత్రమే. విశాఖకు చెందిన ఒక మోడల్‌కు హైదరాబాదులో ఒకరోజు షూట్ దొరికిందనుకుందాం.

ఒప్పుకొన్న రుసుము : రూ. 10,000
ఏజెన్సీ కమిషన్ (20 శాతం) : రూ. 2,000
ప్రయాణం, బస : రూ. 3,000
మేకప్, ఆటోలు, ఇతర ఖర్చులు : రూ. 1,000
చేతికి మిగిలేది : రూ. 4,000

ఆడిషన్‌కు రెండు రోజులు, ఫిట్టింగుకు ఒకరోజు, ప్రయాణానికి రెండు రోజులు, షూట్‌కు ఒకరోజు పట్టాయనుకుంటే మొత్తం ఆరు రోజులు. అంటే రోజుకు సుమారు రూ. 667. 'రోజుకు పదివేలు' అన్న మాటకూ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి. పైగా ఆ డబ్బు కూడా నెలల తరవాత చేతికి రావచ్చు. ఏడాదిలో ఒకే సంస్థ ఇచ్చిన మొత్తం నిర్ణీత పరిమితి దాటితే, వృత్తి సేవల రుసుముగా లెక్కించి 10 శాతం పన్ను ముందే కోస్తారు. ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేస్తే, అదనంగా కోసింది తిరిగి వస్తుంది.

7.5 ఒప్పందం, ఫోటోల హక్కులు

సంతకం చేసే ముందు ఈ ప్రశ్నలు వేసుకోండి : ఫోటోలు ఎక్కడ వాడతారు? ఎంతకాలం? గడువు దాటితే అదనపు రుసుము ఇస్తారా? డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు? వేరే సంస్థలకు పనిచేయవచ్చా?

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి ఫోటో తీయించుకొన్నవారే దాని మొదటి హక్కుదారు. కాబట్టి మీరు డబ్బిచ్చి తీయించుకొన్న పోర్ట్‌ఫోలియో ఫోటోలు మీవి. దుకాణం డబ్బిచ్చి తీయించిన ఫోటోలు దుకాణానివి. పద్దెనిమిదేళ్ళు నిండనివారు చేసుకొన్న ఒప్పందం చట్టరీత్యా చెల్లదు.

'ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, తరవాత అవకాశం ఇస్తాం' అనేవారి విషయంలో జాగ్రత్త అవసరం. ఏజెన్సీ ఆదాయం మోడల్ సంపాదించే రుసుములో వాటాగా రావాలి, మోడల్ జేబులోంచి కాదు. న్యూయార్క్ రాష్ట్రంలో 2025 జూన్‌లో అమలులోకి వచ్చిన చట్టం ఇలాంటి ముందస్తు వసూళ్ళను నిషేధించి, కమిషన్‌ను 20 శాతానికి పరిమితం చేసింది.

7.6 ఆరోగ్యం, భద్రత

సన్నగా ఉండాలన్న ఒత్తిడి ఈ వృత్తిలో తీవ్రంగా ఉంటుంది. అందుకే ఫ్రాన్స్ 2017 నుంచి మోడళ్ళకు వైద్య ధ్రువపత్రం తప్పనిసరి చేసింది. శరీరాకృతిని కంప్యూటర్‌లో మార్చిన వాణిజ్య ఫోటోల మీద ఆ సంగతి ముద్రించాలని కూడా నిబంధన పెట్టింది.

పనిచేసే చోట లైంగిక వేధింపులను నిరోధించే 2013 నాటి చట్టం శాశ్వత ఉద్యోగినులకే కాదు, తాత్కాలికంగా లేదా ఏజెంటు ద్వారా పనిచేసే మహిళలకు కూడా వర్తిస్తుంది. పని నిమిత్తం వెళ్ళిన స్టూడియో, అందుకోసం పని ఇచ్చినవారు ఏర్పాటు చేసిన వాహనం కూడా 'పనిచేసే చోటు' కిందికే వస్తాయి. సంస్థలో పదిమంది కంటే తక్కువ ఉంటే జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి. ఆడిషన్‌కు వెళ్ళేటప్పుడు చిరునామా ఇంట్లో చెప్పండి. తోడుగా ఎవరూ రాకూడదంటే అక్కడికి వెళ్ళకపోవడమే మంచిది.

7.7 సారాంశం

మోడలింగ్ ఒక పని. అందులో ప్రతి అవకాశమూ విడిగా సంపాదించుకోవలసిందే. రుసుమును రోజుల సంఖ్యతో, ఖర్చులతో కలిపి చూస్తేనే అసలు ఆదాయం తెలుస్తుంది. తిరస్కారం మీ విలువకు కొలమానం కాదు. చదువును, మరో ఆదాయ మార్గాన్ని వదలకుండా, రాతపూర్వక ఒప్పందంతో ఈ రంగంలోకి అడుగుపెట్టడం మంచిది.

7.8 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు పది పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఎడిటోరియల్, కమర్షియల్ పనుల మధ్య తేడా ఏమిటి?
2. మోడల్ ఫోటోల మీద హక్కు ఎవరికి ఉంటుంది?

II. కింది ప్రశ్నకు ముప్పై పంక్తుల్లో సమాధానం రాయండి.
1. రేవు కూలీల పూర్వపు స్థితితో మోడళ్ళ పని పరిస్థితులను పోల్చి, ఏ రక్షణలు అవసరమో చర్చించండి.