ఇంట్లో బోన్సాయ్: చలికాలం దాటించడం ఎలా?



గృహప్రవేశానికి, క్రిస్మస్ సెలవులకు బోన్సాయ్ మొక్కను కానుకగా ఇవ్వడం మన కుటుంబాల్లో అలవాటైంది. అందులో చాలా మొక్కలు శివరాత్రి నాటికి ఎండిపోతున్నాయి. "ఇంట్లో చెట్టు ఎండితే అపశకునమా?" అని గుడిలో మమ్మల్ని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. శకునం సంగతి పూజారిగారు చెప్పాలి. మేము చూసినంతవరకు అసలు కారణం మాత్రం ఆరుబయట పెరగాల్సిన చెట్టును తెచ్చి హాల్లో పెట్టడమే.

బోన్సాయ్ అనేది ఒక జాతి చెట్టు కాదు. పళ్లెంలో నాటిన మొక్క అని జపాన్ భాషలో దాని అర్థం. ఆ విద్య చైనా నుంచి అక్కడికి వెళ్లింది. కొమ్మలు, వేళ్లు కత్తిరిస్తూ మామూలు చెట్టునే చిన్న తొట్టెలో పెంచుతారు. కాబట్టి ముందు తెలుసుకోవాల్సింది అది ఏ చెట్టు అన్నది.

సూదుల్లాంటి ఆకులుంటే అది బహుశా జూనిపర్. దానికి చలికాలపు నిద్ర తప్పనిసరి. వెచ్చటి గదిలో పెడితే నీరసించి చనిపోతుంది, అయినా వారాల తరబడి పచ్చగానే కనిపిస్తుంది. మనం మాత్రం నీళ్లు పోస్తూనే ఉంటాం! జూనిపర్‌ను, మేపుల్‌ను ఏడాదంతా బయటే ఉంచాలి. అయితే నేలలోని వేళ్లకంటే తొట్టెలోని వేళ్లకు చలి దెబ్బ ఎక్కువ. అందుకే నవంబరులో తొట్టెను పెరట్లో నేలలోకి దించి పైన ఎండుటాకులు కప్పాలి, లేదా హీటింగ్ లేని గరాజ్‌లో పెట్టాలి. కాండోలో ఉండేవాళ్లు జూనిపర్ జోలికి వెళ్లకపోవడమే మంచిదని మా అభిప్రాయం.

ఇంట్లోకి సరిపోయేది ఫైకస్. అది మన మర్రి, రావి, మేడి చెట్ల వర్గానిదే. కదిరి దగ్గరున్న తిమ్మమ్మ మర్రిమాను దాదాపు ఐదెకరాలు పరుచుకుని 1989లో గిన్నిస్ బుక్‌కెక్కింది; దాని బంధువే మన కిటికీలో జానెడు ఎత్తున బతుకుతుంది. దానికి చలి పడదు, 15 డిగ్రీల కంటే తగ్గనివ్వకూడదు. దక్షిణపు కిటికీ మేలు. డిసెంబరులో టొరంటోలోనే పగలు తొమ్మిది గంటలు, ఎడ్మంటన్‌లో ఇంకా తక్కువ. అందుకని రోజుకు 12 గంటలు వెలిగే ఎల్ఈడీ గ్రో లైట్ ఉంటే చాలా తేడా కనిపిస్తుంది. ఫర్నేస్ వేడిగాలి వచ్చే వెంట్ పక్కన మాత్రం పెట్టకండి. చోటు మారిస్తే ఆకులు రాలుస్తుంది, కంగారు పడొద్దు. గోటితో బెరడు కొంచెం గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే.

నీళ్లకు క్యాలెండర్ రిమైండర్ పెట్టుకోవద్దు (మా ఐటీ వాళ్లకు అదే మొదట తోస్తుంది). వేలు అంగుళం లోపలికి గుచ్చి చూడండి. పొడిబారడం మొదలైతేనే, అడుగు రంధ్రాల నుంచి కారేదాకా పోయండి. కొట్లో కొన్న తొట్టెల్లో పైన గులకరాళ్లు జిగురుతో అతికించి ఉంటాయి. నీరు లోపలికి సరిగా దిగదు, వాటిని తీసేయండి.

వేసవిలో రాత్రి చలి బాగా తగ్గాక ఫైకస్‌ను బయట నీడలో పెడితే బలపడుతుంది. రెమ్మకు ఆరేడు ఆకులు వచ్చాక రెండు ఉంచి కత్తిరించండి. కారే పాలు చర్మానికి మంట పుట్టిస్తాయి, పిల్లలను, పెంపుడు జంతువులను దూరంగా ఉంచండి. రెండేళ్లకోసారి వేసవి మొదట్లో వేళ్లలో మూడో వంతు మించకుండా కత్తిరించి, నీరు నిలవని మట్టిలో మార్చాలి. ఇది చెట్టును హింసించడం కాదా అంటారు పెద్దవాళ్లు. మల్లెను, గులాబీని కత్తిరించినట్టే ఇదీ. సరిగా చూసుకుంటే తొట్టెలోని చెట్టు తరాలు దాటి బతుకుతుంది. మైసూరులో శ్రీ గణపతి సచ్చిదానంద ఆశ్రమంలోని కిష్కింధ మూలికా బోన్సాయ్ వనం చూసినవారికి ఇది చెప్పక్కర్లేదు. ఇక్కడైతే మాంట్రియల్ బొటానికల్ గార్డెన్‌లో, హాంకాంగ్ వాసి వూ యీ-సన్ 1984లో బహూకరించిన చెట్లు చూడవచ్చు.

కరివేపాకును బోన్సాయ్ చేయవచ్చా అని కూడా అడిగారు. చేయవచ్చు, పోపుకు మాత్రం చాలదు.

ఊరి నుంచి రావి మొక్కను సూట్‌కేసులో తేవాలనుకునేవారికి ఒక మాట. కెనడాకు మొక్క తేవాలంటే ముందుగా కెనడా ఆహార తనిఖీ సంస్థ అనుమతి, భారతదేశం నుంచి ఫైటోశానిటరీ సర్టిఫికెట్ అవసరం. మట్టి తేవడం నిషేధం. ఇక్కడి నర్సరీలో కొనండి, అదీ మే తర్వాత.