ఆస్తి వదులుకుని, పుస్తకాలు మిగిల్చిన అలగానిపాడు బిడ్డ

కోవూరు: పెన్న ఉత్తరపు ఒడ్డున వరి పండించే మన సీమలో ఎవరెంత గడించారంటే ఎకరాల్లోనే లెక్క చెబుతారు. తన వాటాకు వచ్చిన ఆస్తిని పార్టీకి ఇచ్చేసి, చివరకు పుస్తకాలు మిగిల్చి వెళ్లిన మనిషి కూడా ఈ గడ్డ మీదే పుట్టారు. ఆయనే పుచ్చలపల్లి సుందరయ్య.

నాటి కోవూరు తాలూకా, నేటి విడవలూరు మండలంలోని అలగానిపాడులో 1913 మే 1న ఆయన జన్మించారు. కలిగిన రైతు కుటుంబం. అసలు పేరు సుందరరామిరెడ్డి. కులాన్ని తెలిపే మాటను తరువాత ఆయనే తీసివేసుకున్నారు. ఆరేళ్ల వయసుకే తండ్రి పోగా, తల్లి శేషమ్మ పెంపకంలో, అక్కాబావల అండతో చదువు సాగించారు. మద్రాసు లయోలా కళాశాలలో చదువుతూ 1930లో స్వాతంత్ర్యోద్యమంలో దూకి జైలు పాలయ్యారు.

జైలు నుంచి వచ్చి ఊళ్లో ఊరకే కూర్చోలేదు. వ్యవసాయ కూలీలను కూడగట్టారు. వారికి రాత్రిపూట చదువు చెప్పారు. లాభం లేకుండా సరుకులు అమ్మే దుకాణం పెట్టారు. నేర్చిన నాలుగు ముక్కలూ నలుగురికీ పంచాలన్నదే ఆయన పట్టుదల.

1943లో లీల గారిని వివాహమాడారు. ప్రజాసేవకు అడ్డు కాకూడదని దంపతులిద్దరూ పిల్లలు వద్దనుకున్నారు. అందుకు ఆపరేషన్ సుందరయ్య గారే చేయించుకున్నారు. అలాగని బంధాలు లేని మనిషి కాదు. లీలమ్మ జీవితాంతం ఆయన పనిలో తోడుగా నిలిచారు. తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరులో పేదల వైద్యుడిగా పేరు పొందారు.

1952లో రాజ్యసభకు వెళ్లినప్పుడు సైకిలు మీదనే పార్లమెంటుకు పోయేవారు. గన్నవరం నుంచి 1955, 1962, 1978లలో శాసనసభకు ఎన్నికయ్యారు. సభలో లేచి నిలబడితే నీటి పారుదల మీద, భూముల మీద అంకెలతో మాట్లాడేవారు. ఆ అంకెల వెనుక రాత్రింబవళ్లు చదివిన చదువు ఉంది. 1946లో ‘విశాలాంధ్రలో ప్రజారాజ్యం’ రాశారు. తెలంగాణ సాయుధ పోరాటంపై ఆయన రాసిన పెద్ద గ్రంథం 1972లో వెలువడింది. ‘విప్లవపథంలో నా పయనం’ ఆయన ఆత్మకథ. ఆయన రాజకీయాలు గిట్టనివారు సైతం ఆ కష్టాన్ని, ఆ నిరాడంబరతను కాదనలేదు.

1985 మే 19న ఆయన కన్నుమూశారు. ఆయన పుస్తకాలకు మరెన్నో చేరి హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రంగా రూపుదిద్దుకున్నాయి. చికాగో విశ్వవిద్యాలయం తోడ్పాటుతో వచ్చిన ఉర్దూ గ్రంథాల భాండాగారమూ అక్కడికే చేరింది. 2000 ఆగస్టు వరదలో ఆ ఉర్దూ పుస్తకాలు ఎన్నో తడిసిపోయాయి. అయినా కేంద్రం తలుపులు మూతపడలేదు. వరద నీటిలో తడిసిన ధాన్యాన్ని ఆరబోసుకున్న మన రైతులకు ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ మనం ఆలోచించవలసిన సంగతి ఒకటుంది. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్ను మీద గ్రంథాలయ పన్ను కూడా వసూలవుతుంది. రూపాయికి 8 పైసలు. అంటే ఊరి గ్రంథాలయం ఎవరి దయాధర్మమో కాదు, మన సొమ్ము. సాయంత్రం దాని తలుపు తెరిచి ఉన్నదా, మన పిల్లలు ఆ గడప తొక్కుతున్నారా అని అడిగే హక్కు ప్రతి ఇంటికీ ఉంది.

సుందరయ్య గారికి విగ్రహాలు ఉన్నాయి, దండలూ పడుతున్నాయి. పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, పిల్లల పక్కన కూర్చుని ఒక పుస్తకం తెరిచే తండ్రి ఆయనకు వేసే దండ అంతకన్నా గొప్పది.