పాత గోడకు పాత సున్నమే

సున్నపురాయి విలువ జంషెడ్‌పూర్ వాళ్లకు చెప్పనక్కర్లేదు. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇనుప ఖనిజపు మలినాలను పట్టుకుని చిట్టెంగా బయటికి తెచ్చేది అదే. ఆ చిట్టెమే పొడై స్లాగ్ సిమెంటులో కలుస్తుంది. కొత్త ఇంటికి ఆ సిమెంటు మంచిదే. పాత కట్టడం మరమ్మతుకు మాత్రం సిమెంటు పనికిరాదు.

జంషెడ్‌పూర్‌లోని సాక్చిలో ఉక్కు కర్మాగారం పనులు మొదలైంది 1908లో, తొలి ఉక్కు వచ్చింది 1912లో. పోర్‌బందర్‌లో సిమెంటు ఉత్పత్తి 1914లో గానీ మొదలవలేదు. అంతకుముందు మన దేశంలో పక్కా ఇటుక గోడలను ఎక్కువగా సున్నం, సుర్ఖీ కలిపిన గారతోనే కట్టారు. సుర్ఖీ అంటే మెత్తగా దంచిన ఇటుక పొడి.

సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల దగ్గర కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోతుంది. మిగిలిన సున్నం మీద నీళ్లు పోస్తే కుతకుత ఉడుకుతుంది. గోడలో చేరాక అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ నెలల తరబడి, మందపు గోడల్లో ఏళ్ల తరబడి, తిరిగి రాయవుతుంది. సుర్ఖీ తోడైతే చెమ్మలోనూ గట్టిపడుతుంది.

నేలలోంచి ఎక్కిన చెమ్మ ఈ సున్నపు అతుకుల గుండా ఆవిరైపోతుంది. వాటి మీద సిమెంటు నింపితే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మ ఇటుకలోంచి వెళ్తుంది, దానితో వచ్చిన ఉప్పు అక్కడే స్ఫటికాలు కడుతుంది, ఇటుక ముఖం పొరలుగా రాలుతుంది. ఇటుక నాసిరకమని అందరూ అనుకుంటారు. పాపం, తప్పు దానిది కాదు. గోడ కాస్త కదిలినప్పుడు కూడా సున్నం సన్నగా చీలి సర్దుకుంటుంది. వాన నీటికి కరిగిన సున్నం ఆ చీలికల్లోనే పేరుకుని వాటిని పూడుస్తుంది. సిమెంటు లొంగదు, ఇటుకే పగులుతుంది. అందుకే గార ఎప్పుడూ ఇటుక కన్నా మెత్తగా ఉండాలి. గార రాలితే మళ్లీ నింపుకోవచ్చు, నూరేళ్ల ఇటుకను ఎక్కడ తెస్తాం?

హైదరాబాద్‌లోని కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఈ సంగతి కళ్లారా చూడొచ్చు. 2013లో రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ అక్కడ పునరుద్ధరణ మొదలుపెట్టింది. గుమ్మటాల మీద ఇరవయ్యో శతాబ్దంలో పూసిన సిమెంటును చెక్కి తీసేసి, మళ్లీ సున్నపు గచ్చు వేశారు. అక్కడి మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది. గానుగలో నూరిన సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలపడం మన మేస్త్రీల పాత విద్య. అది తెలిసినవాళ్లు తగ్గిపోతుండటమే నా దిగులు.

మీ ఊళ్లో పాత గుడి ప్రహరీయో, క్వార్టరో మరమ్మతుకొస్తే, సిమెంటు బస్తా తెప్పించకముందు అతుకును మేకుతో గీకి చూడండి. తెల్లటి సున్నపు పలుకులు, ఎర్రటి సుర్ఖీ కనిపిస్తే సున్నం పని తెలిసిన మేస్త్రీని పిలవండి. అతుకులను మిషను పెట్టకుండా ఉలితో తొలిపించండి, బాగా తడిపాకే నింపించండి, ఆ తర్వాత కొన్ని రోజులు తడి గోనెలు కప్పి ఉంచండి.