ఫ్లాష్ ఫోటోలో మెరిసింది, కారు డ్రైవర్‌కి కనిపించలేదు: సైకిల్‌కి బ్లాక్ రేడియం టేప్ ఎక్కడ అంటించాలి?

నలభై యాభై వేలు పెట్టి సైకిల్ కొన్నవాళ్లని, వెనకాల లారీలకు వేసే ఎర్ర రేడియం స్టిక్కర్ అంటించుకోమని అడిగి చూడండి. ముఖం అదోలా పెడతారు. నేనూ అంతే. మ్యాట్ బ్లాక్ ఫ్రేమ్ మీద పసుపు పట్టీలా, అసలు కుదరదు అనుకున్నాను.

ఇలాంటివాళ్ల కోసమే బ్లాక్ రిఫ్లెక్టివ్ టేప్ అని ఒకటి ఉంది. పగలు చూస్తే మామూలు నల్ల స్టిక్కర్. నల్ల ఫ్రేమ్ మీద అంటిస్తే దగ్గరికి వచ్చి చూస్తే తప్ప తెలీదు. రాత్రి లైట్ పడితే మాత్రం తెల్లగా మెరుస్తుంది. ఆన్‌లైన్‌లో రెండు మూడు వందలు పెడితే ఒక సైకిల్‌కి సరిపడా వస్తుంది. ప్రోడక్ట్ పేజీలో ఫోటోలు చూస్తే మతి పోతుంది. మొత్తం సైకిల్ ట్యూబ్‌లైట్‌లా వెలుగుతూ ఉంటుంది.

నేనూ కొన్నాను. పైన అడ్డంగా ఉండే రాడ్‌కి, కింద ఏటవాలుగా ఉండే రాడ్‌కి రెండు వైపులా కలిపి ఆరు పట్టీలు అంటించి, ఫోన్ ఫ్లాష్ వేసి ఫోటో తీసుకున్నాను. అదిరింది. స్నేహితులకు పంపాను కూడా.

తర్వాత కొన్ని వారాలకి, రాత్రి పదిన్నర దాటాక, నార్సింగి వైపు సర్వీస్ రోడ్డులో ఒక కారు నా మోచేతిని దాదాపు రాసుకుంటూ వెళ్లి, ముందుకు పోయి సడెన్‌గా ఆగింది. డ్రైవర్ నాకంటే ఎక్కువ భయపడిపోయాడు. "అన్నా, నీ దగ్గరికి వచ్చేదాకా కనిపించలేదన్నా" అన్నాడు. దిగి చూసుకుంటే వెనక లైట్ చార్జింగ్ అయిపోయి ఎప్పుడు ఆరిపోయిందో తెలీదు. సరే, లైట్ ఆరింది. మరి ఆ ఆరు పట్టీలు ఏం చేస్తున్నట్టు?

ఏమీ చేయట్లేదు. ఎందుకో ఇంటికొచ్చాక అర్థమైంది.

ఫోన్ ఫ్లాష్ ఎలా మోసం చేస్తుంది

అద్దం మీద టార్చ్ వేస్తే వెలుతురు అటు వైపు ఎటో పోతుంది. రిఫ్లెక్టివ్ టేప్ అలా కాదు, వెలుతురు ఎటు నుంచి వచ్చిందో అటే తిరిగి పంపుతుంది. మామూలు టేపుల్లో కంటికి కనిపించనంత చిన్న గాజు పూసలు ఉంటాయి. ఖరీదైన వాటిలో మూడు పలకల చిన్న చిన్న ప్రిజమ్‌లు ఉంటాయి. చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ మీద నాసా వాళ్లది రెండు అంగుళాల చిన్న గుమ్మటం ఒకటి ఉంది, గుర్తుందా? అందులో ఉన్నవీ ఇలాంటి ప్రిజమ్‌లే, 8 ఉన్నాయి. 2023 డిసెంబర్‌లో చంద్రుడి చుట్టూ తిరిగే ఎల్‌ఆర్‌ఓ సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి లేజర్ వేస్తే, దానికి తగిలి తిరిగి వచ్చింది. బ్యాటరీ లేదు, వైరు లేదు. సైకిల్‌కి కావాల్సిందీ సరిగ్గా ఇదే.

తిరుక్కొడితే, "వచ్చిన వైపే" అనే మాటలోనే అసలు మెలిక ఉంది. వెలుతురు తిరిగి వెళ్లేది హెడ్‌లైట్ దగ్గరికి, డ్రైవర్ కంటి దగ్గరికి కాదు. డ్రైవర్‌కి చేరేది హెడ్‌లైట్ చుట్టూ కాస్త పరుచుకున్న అంచు వెలుతురు మాత్రమే. కారులో కంటికీ హెడ్‌లైట్‌కీ మధ్య ఎత్తు తేడా అర మీటర్‌కి కాస్త పైన ఉంటుంది. 50 మీటర్ల దూరంలో అది ముప్పావు డిగ్రీ కంటే కొంచెం తక్కువ కోణం. ఫోన్‌లోనో? ఫ్లాష్, లెన్స్ పక్కపక్కనే, ఒక సెంటీమీటర్ దూరంలో ఉంటాయి. అయిదు మీటర్ల నుంచి ఫోటో తీస్తే కోణం డిగ్రీలో పదో వంతే. అంటే తిరిగొచ్చే వెలుతురులో మీగడంతా కెమెరాకే పోతుంది. ఎంత నాసిరకం టేప్ అయినా ఫ్లాష్ ఫోటోలో సూపర్‌గా ఉంటుంది. ప్రోడక్ట్ పేజీల్లో ఉన్న ఫోటోలన్నీ ఎందుకలా మండిపోతుంటాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

లారీ, బస్సు డ్రైవర్లతో ఇబ్బంది ఇంకా ఎక్కువ. వాళ్లు హెడ్‌లైట్ల కంటే మీటర్‌కి పైనే ఎత్తులో కూర్చుంటారు. కోణం పెరుగుతుంది, కంటికి చేరే మెరుపు తగ్గిపోతుంది. రోడ్డు మీద మనకి ఎక్కువ భయం ఉన్నది కూడా వాళ్లతోనే.

మరి టేప్‌ని ఎలా టెస్ట్ చేయాలి? ఫోన్‌తోనే చేయొచ్చు, కానీ కెమెరా వాడొద్దు. చీకటిగా ఉన్న ఖాళీ చోట సైకిల్ నిలబెట్టి, 25 మీటర్లు వెనక్కి రండి. ఫోన్ టార్చ్ ఆన్ చేసి, కంటికి ఒక అడుగు కింద, ఛాతీ దగ్గర పట్టుకుని, మీ కళ్లతో చూడండి. 50 మీటర్ల దూరంలో ఉన్న కారు డ్రైవర్‌ది దాదాపు ఇదే కోణం. ఇప్పుడు టార్చ్‌ని కణత దగ్గరికి తెచ్చి మళ్లీ చూడండి. రెండింటికీ తేడా చూస్తే నవ్వొస్తుంది. ఛాతీ దగ్గర పట్టుకున్నప్పుడు కూడా చుక్కలా మెరిసిందే పనికొచ్చే టేప్.

ఈ టెస్ట్‌లో నా బ్లాక్ టేప్ బొటాబొటిగా పాసైంది. ఇందులో కంపెనీ తప్పేమీ లేదు. ఒక వస్తువు నల్లగా కనిపిస్తుందంటే పడిన వెలుతురులో చాలా భాగం మింగేస్తుందనే కదా. 3ఎం లాంటి పెద్ద కంపెనీల టేపుల్లో కూడా తెలుపుతో పోలిస్తే నలుపు తిరిగి పంపేది కొంత భాగమే.

నా అసలు తప్పు రంగులో లేదు

ఫ్రేమ్‌కి రెండు వైపులా అంటించాను అన్నాను కదా. అవి పక్కకి చూస్తుంటాయి. వెనక నుంచి వచ్చే కారు వెలుతురు వాటి మీద సరిగ్గా పడనే పడదు. పడినా, పైన నా కాళ్లు అడ్డం. సైకిల్‌ని స్టాండ్ వేసి పక్క నుంచి ఫోటో తీసుకోవడానికి బాగుండే చోట్లు వేరు, వెనక నుంచి వచ్చే డ్రైవర్‌కి కనిపించే చోట్లు వేరు.

60 కిలోమీటర్ల స్పీడ్‌లో ఉన్న కారు సెకనుకి దాదాపు 17 మీటర్లు వెళ్తుంది. డ్రైవర్ మిమ్మల్ని గమనించి బ్రేక్ మీద కాలు పెట్టేసరికి ఒకటిన్నర సెకను అనుకోండి, 25 మీటర్లు అయిపోయాయి. పొడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే ఆగడానికి ఇంకో 20 దాకా. అంటే 45 మీటర్ల అవతలే "అది సైకిల్" అని అతనికి తెలియాలి. ఏదో మెరిసింది అని తెలిస్తే చాలదు. మన రోడ్ల పక్కన మెరిసేవి బోలెడు: బారికేడ్లు, చిప్స్ ప్యాకెట్లు, కుక్కల కళ్లు.

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు దీని మీద చేసిన స్టడీ 2012లో వచ్చింది. రాత్రిపూట, ట్రాఫిక్ లేని టెస్ట్ రోడ్డు మీద డ్రైవర్లతో కారు నడిపించి, సైక్లిస్ట్‌ని ఎన్నిసార్లు గుర్తుపట్టారో లెక్కేశారు. నల్ల బట్టలు వేసుకుంటే 2 శాతం. ఫ్లోరోసెంట్ జాకెట్‌కి 15 శాతం. రిఫ్లెక్టివ్ జాకెట్‌కి 50 శాతం. ఆ జాకెట్‌తో పాటు చీలమండలకీ మోకాళ్లకీ రిఫ్లెక్టివ్ పట్టీలు కడితే 90 శాతం. పైకీ కిందకీ లయగా కదిలే రెండు చుక్కలని చూడగానే మెదడు "మనిషి పెడల్ తొక్కుతున్నాడు" అని పట్టేస్తుంది, ఆలోచించాల్సిన పని లేదు. ఫ్లోరోసెంట్ రంగు రాత్రి ఎందుకు తేలిపోయిందంటే, అది మెరవాలంటే ఎండలో ఉండే అల్ట్రావయొలెట్ కావాలి. హెడ్‌లైట్లలో అది పెద్దగా ఉండదు.

ఇంకో సంగతి. లో బీమ్‌ని కిందకి వంచి పెడతారు కాబట్టి వెలుతురు ఎక్కువగా పడేది రోడ్డుకి దగ్గరగా ఉన్న వాటి మీదే. హెల్మెట్ మీద, వీపు మీద తక్కువ పడుతుంది. పెడళ్లు, చక్రాలు, మడ్‌గార్డ్ కింది చివర, ఇవే మంచి సీట్లు.

రంగుతో కాదు, చోటుతో దాచండి

ఇది తెలిశాక టేప్ వేసే పద్ధతి మార్చాను. బాగా మెరిసే సిల్వర్, ఎరుపు టేపే తీసుకుని, పగలు ఎవరూ చూడని చోట్ల అంటించాను. పెడల్ రాడ్ (అదే, క్రాంక్) సన్నటి అంచులకి రెండు వైపులా: తిరుగుతున్నప్పుడు ఒక్కో అంచు వంతులవారీగా వెనక్కి చూస్తుంది. పెడళ్ల ముందూ వెనకా అంచులకి. సీటు కింద నుంచి వెనక చక్రం దగ్గరికి దిగే రెండు సన్న రాడ్లకి, వెనక వైపు మాత్రమే, సెంటీమీటర్ వెడల్పు ఎర్ర పట్టీ. పక్క నుంచి చూస్తే అది అసలు కనిపించదు. మడ్‌గార్డ్ చివర ఒక ముక్క. షూ మడమ మీద వేలెడంత ముక్క, అన్నిటికంటే బాగా పనిచేసేది ఇదే. ఆఫీసులో ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు.

రంగుల విషయంలో లారీల పద్ధతే పాటించండి: వెనక ఎరుపు, ముందు తెలుపు, పక్కన పసుపు. వెనక తెల్లది పెద్దగా మెరిస్తే, ఎదురొస్తున్న బండేమో అని దూరం నుంచి డ్రైవర్ తికమకపడతాడు. పెడళ్లు, మడమల మీద మాత్రం సిల్వర్ ఫర్వాలేదు, వాటి కదలికే చెప్పేస్తుంది.

చక్రాలకైతే టేప్ కంటే స్పోక్ స్టిక్స్ బెటర్. స్పోకులకి తగిలించే సన్న గొట్టాలు అవి. పగలు బూడిద రంగు, స్పోకుల్లో కలిసిపోతాయి. రాత్రి చక్రం మొత్తం వెలుగు వలయంలా తిరుగుతుంది. ష్వాల్బే మారథాన్ లాంటి టైర్లకి పక్కల్లో రిఫ్లెక్టివ్ గీత ముందే వస్తుంది. జర్మనీలో ఇలాంటి గీత ఉన్న టైర్లో, స్పోక్ రిఫ్లెక్టర్లో చట్ట ప్రకారం ఉండాల్సిందే. రిమ్‌కి టేప్ వేయాలనుకుంటే ఒక్క జాగ్రత్త: బ్రేక్ రబ్బర్లు రిమ్‌ని పట్టుకునే సైకిల్ అయితే ఆ పట్టీ మీద ఏమీ అంటించొద్దు. బ్రేక్ పడదు. డిస్క్ బ్రేక్ ఉంటేనే రిమ్ జోలికి వెళ్లండి, డిస్క్ జోలికి అసలు వెళ్లొద్దు.

కొనేటప్పుడు రేడియం షాప్‌లోనే టెస్ట్ చేయండి. మనవాళ్లు మెరిసే ప్రతిదాన్నీ రేడియం అంటారు కానీ, షాపుల్లో ఉండే చాలా రంగు షీట్లు ఉత్త వినైల్. పైన చెప్పిన టార్చ్ టెస్ట్‌కి షాప్‌లో చోటు చాలదు గానీ, కణత దగ్గర టార్చ్ పెట్టినా మెరవని దాన్ని పక్కన పెట్టేయొచ్చు. లారీలకు వేసే తేనెతుట్టె డిజైన్ ప్రిజమ్ టేప్ మెరుపులో బెస్ట్, కానీ మందంగా ఉంటుంది, గుండ్రటి సన్న రాడ్ల మీద అంచులు లేస్తాయి. మడ్‌గార్డ్‌కి అది, మిగతా వాటికి సాగే పల్చటి టేప్ వాడాను. గుడ్డ మీద కుట్టే బూడిద రంగు రిఫ్లెక్టివ్ పట్టీల్లో చాలావాటికి పూసలు పైకే ఉంటాయి. వర్షంలో తడిస్తే వాటి మెరుపు బాగా పడిపోతుంది. పైన ప్లాస్టిక్ పొర ఉన్నవి వానాకాలంలో నయం.

అంటించే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. శానిటైజర్ వద్దు, చాలా వాటిలో గ్లిజరిన్ ఉంటుంది, జిడ్డు మిగిలిపోతుంది. ముక్కల మూలలు గుండ్రంగా కత్తిరిస్తే త్వరగా లేవవు. తీయాలనిపిస్తే హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి మెల్లగా లాగండి.

ఇది చేయలేనిది

హెడ్‌లైట్ మీ మీద పడకపోతే ఈ టేప్ విలువ సున్నా. పక్క సందులోంచి మెయిన్ రోడ్డెక్కే కారు లైట్లు మీ వైపు ఉండవు, మీరు దాని ముందుకి వచ్చేదాకా. అక్కడ మిమ్మల్ని కాపాడేది ముందు లైట్ ఒక్కటే. 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకి హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే ఉండాలన్న రూల్ వచ్చింది కాబట్టి బైకుల విషయంలో కాస్త నయం. లైట్ పోయిన పాత ఆటో వస్తే మాత్రం మీరు మెరవరు. సైకిల్‌తో వచ్చిన రిఫ్లెక్టర్లని లుక్ కోసం పీకేసి ఉంటే, ముందు వెనకదాన్ని వెతికి బిగించండి. చూడ్డానికి బాగోదు, కానీ ఏ బ్లాక్ టేప్ కంటే బాగా పనిచేస్తుంది.

మార్చిన తర్వాత, కాలనీ చివర లైట్లు లేని రోడ్డులో స్నేహితుడిని సైకిల్ తొక్కమని, నేను అతని కారులో లో బీమ్ వేసి వెనక ఆగి చూశాను. వెనక లైట్ కావాలనే ఆర్పేశాం. రోడ్డు మలుపు దాకా వెళ్లినా మడమలూ పెడళ్లూ పైకీ కిందకీ ఆడుతూ కనిపించాయి. సైకిల్ కంటే ముందు కాళ్లే కనిపించాయి. ఆ తర్వాత చార్జింగ్ ఎంత ఉందో చూపించే వెనక లైట్ కూడా కొన్నాను. ఫ్రేమ్ పక్కల ఉన్న ఆ ఆరు నల్ల పట్టీలు ఇంకా అలాగే ఉన్నాయి. ఫోటోల్లో బాగా పడతాయి కదా అని తీయలేదు.