కొబ్బరి చిప్ప నుంచి ఉత్తేజిత బొగ్గు

ఆహారం వాడుకోగా మిగిలే తొక్కలు, టెంకలు, చిప్పలలో కర్బనం సమృద్ధిగా ఉంటుంది కనుక, వాటిని నీటిని శుద్ధిచేసే ఉత్తేజిత బొగ్గుగా మార్చవచ్చు; ఈ పరిశ్రమకు చిరకాలంగా ముడిసరుకైనది కోనసీమలో విరివిగా దొరికే కొబ్బరి చిప్ప. గాలి తగలకుండా సుమారు 400 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసినప్పుడు తేమ, ఆవిరయ్యే పదార్థాలు వెళ్లిపోయి మామూలు బొగ్గు మిగలడాన్ని కర్బనీకరణం అంటారు. ఆ బొగ్గుపైకి 800 డిగ్రీలకు పైబడిన వేడిలో నీటి ఆవిరిని పంపితే, అది కర్బనంలో కొంత భాగాన్ని హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ వాయువుల రూపంలో తరలించుకుపోగా, ఖాళీ అయిన చోట్లు సూక్ష్మరంధ్రాలవుతాయి. బొగ్గు కొంత తరిగితేనే దానికి నీటిని శుద్ధిచేసే గుణం అబ్బుతుందన్నమాట.

చాలావరకు 2 నానోమీటర్ల కంటే సన్నని ఈ రంధ్రాల గోడలన్నీ లెక్కిస్తే, ఒక్క గ్రాము బొగ్గుకు దాదాపు 1000 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. నీటిలోని రంగులు, దుర్వాసన కలిగించే పదార్థాలు, కొన్ని పురుగుమందుల అవశేషాలు ఆ గోడలకు అంటుకుని నిలిచిపోయే ఈ ప్రక్రియకు అధిశోషణం అని పేరు.

ఎంగిలి అన్నం, కూరల సంగతి వేరు: వాటిలో నీరు ఎక్కువ కాబట్టి ఆరబెట్టడానికే ఇంధనం ఖర్చవుతుంది, ఉప్పు వల్ల బూడిద పెరిగి రంధ్రాలు పూడుకుపోతాయి, అందువల్ల వ్యర్థాలను మొదటే వేరుచేయడం కొలిమిలో వేడిచేయడం కన్నా ముఖ్యమైన పని.