మెడలో పొంచి ఉన్న ముప్పు

కణంలో లైసోసోములనే చిన్న సంచులుంటాయని జంతుశాస్త్రం క్లాసులో అందరం చదివాం. అయిదు మార్కుల ప్రశ్న, అంతటితో సరి! ఆ సంచుల్లో ఒక్క ఎంజైము పుట్టుకతో లోపిస్తే వెన్నెముక ఏమవుతుందో మోర్కియో వ్యాధి గురించి చదివాకే నాకు తెలిసింది. 1929లో ఉరుగ్వే పిల్లల డాక్టరు లూయీస్ మోర్కియో దీన్ని వర్ణించాడు. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపమున్న జన్యువు వస్తేనే ఈ జబ్బు. మేనరికాల్లో ఆ అవకాశం ఎక్కువ.

అరగని కెరటాన్ సల్ఫేట్ మృదులాస్థిలో పేరుకుని ఎముకలు వంకర పోతాయి. బిడ్డ పొట్టిగా ఉంటాడు, తెలివికేం లోటుండదు. అసలు చిక్కు మెడలో ఉంది. రెండో పూస మీద మేకులా నిలిచే ఎముక మొదటి పూసను జారకుండా పట్టుకోవాలి. ఈ పిల్లల్లో ఆ మేకు సరిగా ఎదగదు. తల వంచినప్పుడల్లా పూస జారి వెన్నుపాము నలుగుతుంది. నడక మందగిస్తే మోకాళ్ళ మీద నెట్టేస్తాం గాని, కారణం మెడ కావచ్చు.

సర్జన్లు ఆ పూసల మధ్య ఎముక ముక్కలు పెట్టి, స్క్రూలతో బిగించి ఒకటిగా అతికిస్తారు. తల తిప్పడం తగ్గుతుంది. మత్తిచ్చే ఘడియే గండం: గొట్టం వేయడానికి మెడ వెనక్కి వంచారా, కొంప మునిగినట్లే! పన్ను పీకడానికి మత్తిచ్చినా ముందు మెడను పరీక్షించాలి.

2014లో అమెరికాలో అనుమతి పొందిన ఎంజైము మందు ఎముకల్లోకి అంతగా చేరదు. ఆడుకునే బిడ్డకు ఆపరేషనెందుకని తల్లిదండ్రులు జంకుతారు. తప్పు పట్టలేం. కాని కాళ్ళు పడిపోయాక చేస్తే పోయిన బలం పూర్తిగా తిరిగి రావడం కష్టం.